గణిత తపస్వి ఆయిలర్

విద్యలన్నింటిలోను లెక్క విలక్షణమైనది. వ్యాకరణమునందు పండితులు విభేదింతురు. ధర్మశాస్త్రమునందు వ్యాఖ్యాతకొక త్రోవ కలదు. లెక్కయందు మాత్రము చక్రవర్తి కూడినను, కూలివాడు కూడినను మొత్తమొక్కటే. పెద్దవాడు చెప్పినంత మాత్రమున తప్పులెక్క ఒప్పు కాజాలదు. చిన్నవాడు చెప్పినంత మాత్రమున ఒప్పులెక్క తప్పు కాజాలదు. గ్రామలెక్కలతో జీవితము గడపిన నాకు ఈ సత్యము అనుదినానుభవము.

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఒక మహాపురుషుని చరిత్ర వ్రాయవలసి వచ్చినప్పుడు రాజులను, సేనానులను విడిచి, ఒక లెక్కలవానిని ఎన్నుకొంటిని. రాజ్యములు గెలిచినవాడు కాడు. ధనరాసులు కూడబెట్టినవాడును కాడు. రెండు కన్నుల చూపును పోగొట్టుకొనిన పిమ్మట, అఱువదియైదవ యేట, పది అంకెల సంఖ్య యొకదాని స్వభావమును నిశ్చయించి, ఋజువుతో లోకమున కందించినవాడు. ఆతని పేరు లియొనార్డ్ ఆయిలర్.

బాల్యము, విద్యాభ్యాసము

ఆయిలర్ స్విట్జర్లండు దేశమందలి బాజెల్ పట్టణమున 1707వ సంవత్సరము ఏప్రిల్ 15వ తేదీన జన్మించెను. తండ్రి పాల్ ఆయిలర్ క్రైస్తవ మతబోధకుడు. కుమారుడు పుట్టిన కొలదికాలమునకే ఆ కుటుంబము పట్టణమునకు చేరువనున్న రీహెన్ అను గ్రామమునకు తరలెను. ఇంతటివాని తొలియేండ్లు పల్లెటూరనే గడచుట మనబోటి పల్లెవాసులకు సంతోషము కలిగించు సంగతి. తండ్రి తన విద్యార్థిదశలో జాకబ్ బెర్నూలీ అను ప్రఖ్యాత గణితవేత్త పాఠములు వినియుండెను. కావున కుమారునకు లెక్కలలో ఓనమాలు ఇంటనే దిద్దించెను.

పదుమూడవ యేట ఆయిలర్ బాజెల్ విశ్వవిద్యాలయమున చేరెను. కుమారుడు తనవలెనే మతబోధకుడు కావలెనని తండ్రి కోరిక. కాని ఆ విశ్వవిద్యాలయముననే జాకబ్ తమ్ముడు జోహన్ బెర్నూలీ ఆచార్యుడుగా ఉండెను. ఆ కాలమున ఐరోపాఖండపు గణితవేత్తలలో ఆయన అగ్రగణ్యుడు. తనకు ప్రత్యేకముగా పాఠములు చెప్పుమని ఆయిలర్ వేడుకొనగా, తీరిక లేదని నిరాకరించెను. అయినను ఒక ఉపాయము చూపెను. కఠినమైన గ్రంథములను బాలుడు తనంత తానే చదువుకొనవలెను. బోధపడని తావులను గుర్తు పెట్టుకొని శనివారము మధ్యాహ్నము వచ్చి అడుగవలెను. బాలుడు వారమంతయు పుస్తకముతో పోరాడి, శనివారము నాటికి అడుగవలసిన సందేహములు వీలయినంత తక్కువగా ఉండునట్లు శ్రమించెడివాడు. గురువు చెప్పిన పాఠముకంటె, ఒంటరిగా చదివిన పుస్తకమే ఆతనిని గణితవేత్తను చేసెను. గ్రంథాలయమను సంస్థకు ఇంతకుమించిన సాక్ష్యము వేరొకటి నాకు తోచలేదు.

శిష్యుని ప్రతిభను గుర్తించిన జోహన్ బెర్నూలీ తండ్రికి నచ్చజెప్పి, కుమారుని గణితమునకు విడుచునట్లు చేసెను. ఇరువదియేండ్లు నిండునప్పటికే ఆయిలర్ పారిస్ పరిషత్తువారి పోటీలో, ఓడలకు స్తంభములను ఏయే తావుల నిలుపవలెనను విషయమున ద్వితీయ స్థానము పొందెను. సముద్రతీరమే లేని దేశమున పెరిగినవాడు ఓడల లెక్కలో మెప్పుపొందుట గమనింపదగినది.

రష్యా ప్రయాణము

1727వ సంవత్సరమున ఆయిలర్ రష్యా రాజధానియైన సెంట్ పీటర్స్‌బర్గునకు పోయి అచ్చటి విజ్ఞాన పరిషత్తున చేరెను. జోహన్ కుమారుడు డేనియల్ బెర్నూలీ అప్పటికే అచ్చట నుండెను. 1733లో డేనియల్ స్వదేశమునకు మరలగా గణితాచార్య పదవి ఆయిలర్‌ను వరించెను. మరుసటి యేడు కాథరీనా గ్సెల్ అను కన్యను వివాహమాడెను. వారికి పదుముగ్గురు బిడ్డలు కలిగిరి. పెరిగి పెద్దలైనవారు అయిదుగురే. ఎనమండుగురు బిడ్డలను మట్టికి అప్పగించిన తండ్రి చేతినుండియే ఆ గ్రంథరాశి వెలువడినదని మనము మరువరాదు.

ఇచ్చట మనకు సంబంధించిన ముచ్చట యొకటి కలదు. 1738లో బాయర్ అను పండితుడు ప్రకటించిన గ్రంథమునకు అనుబంధముగా ఆయిలర్ హిందువుల సౌరసంవత్సర మానమును గూర్చి ఒక చిన్న వ్యాసము వ్రాసెను. మన పంచాంగగణితము ఆనాడే ఆ దూరదేశపు మేధావి బల్లమీదకు చేరెనన్నమాట.

ఆ 1738 ప్రాంతముననే జ్వరబాధ పిమ్మట కుడికంటి చూపు నశించెను. ఇకమీదట మనస్సు చెదరుటకు అవకాశము తక్కువయని సమాధానపడి, ఆతడు పని సాగించెను.

ప్రధాన సంఖ్యలు

ఆతడు జీవితాంతము విడువని విషయములలో ప్రధాన సంఖ్యల విచారణ యొకటి. ఒకటిచేతను, తనచేతను దప్ప మరి ఏ సంఖ్యచేతను నిశ్శేషముగా భాగింపబడనిది ప్రధాన సంఖ్య. 2, 3, 5, 7, 11, 13 ఇట్టివి. 15 ఇట్టిది కాదు, అది మూడైదులు. ప్రధాన సంఖ్యలకు అంతము లేదని గ్రీకు గణితవేత్త యూక్లిడ్ రెండువేల యేండ్లకు మునుపే నిరూపించెను. కాని ఒక పెద్ద సంఖ్యను చూపి, ఇది ప్రధానమా కాదా యని అడిగినచో చెప్పుట మిక్కిలి కష్టము.

చదరంగపు గడుల కథ మనవారెల్లరు ఎరిగినదే. మొదటి గడిలో ఒక గింజ, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇట్లు ఇనుమడించుచు పోవలెను. అఱువదినాలుగు గడుల మొత్తమును మన పావులూరి మల్లన తన గణితగ్రంథమున పద్యములో ఇమిడ్చి చెప్పియున్నాడు. రెండు గడుల మొత్తము 3. మూడు గడులది 7. అయిదు గడులది 31. ఏడు గడులది 127. ఇవన్నియు ప్రధాన సంఖ్యలే. గడుల సంఖ్య ప్రధానమైనచో మొత్తమును ప్రధానమే యగునని ఇంతటితో భ్రమపడుదుము. కాని పదునొకండు గడుల మొత్తము 2047. అది 23ను 89చే గుణింపగా వచ్చునది. కావున ప్రతి మొత్తమును వేరువేరుగా పరీక్షింపవలసినదే.

ఫ్రాన్సు దేశపు సన్న్యాసి మెర్సెన్ 1644లో ఇట్టి గడుల పట్టిక యొకటి ప్రకటించెను. అందు ముప్పదియొకటవ గడి మొత్తమును ప్రధానమని చేర్చెను, కాని నిరూపింపలేదు. అంతకుమునుపే ఇటలీ దేశపు కటాల్డీయు అట్లే చెప్పియుండెను. ఆతడు 17, 19 గడుల మొత్తములను శ్రమించి పరీక్షించినవాడే. అయినను 23, 29, 37 గడులను గూర్చి ఆతడు చెప్పినవి తప్పులని తరువాత తేలెను. ఆ 29వ గడి తప్పును పట్టినవాడు ఆయిలరే.

అంతకంటె గొప్ప పరీక్ష మరియొకటి. ఫెర్మా అను మహాగణితవేత్త ఒక వరుసలోని సంఖ్యలన్నియు ప్రధానములేయని తలచెను. రెండును ముప్పదిరెండు మారులు హెచ్చవేసి ఒకటి కలిపిన 4294967297 అను సంఖ్య ఆ వరుసలోనిది. ఫెర్మా మాటను కాదనుటకు నూరేండ్లవరకు ఎవరును సాహసింపలేదు. ఇరువదియైదేండ్ల ఆయిలర్ 1732లో ఆ సంఖ్య 641చే నిశ్శేషముగా భాగింపబడునని చూపెను. భాగలబ్ధము 6700417. కాగితము, కలము ఉన్న ఎవరైనను దీనిని హెచ్చవేసి చూచుకొనవచ్చును. ఎంతటివాడు వ్రాసిన పద్దునైనను సరిచూడక సంతకము చేయరాదను నీతి దీనిలో ఉన్నది.

బెర్లిను వాసము, దృష్టినాశము

1741లో ప్రష్యా రాజగు రెండవ ఫ్రెడరిక్ ఆహ్వానింపగా ఆయిలర్ బెర్లినునకు పోయి ఇరువదియైదేండ్లు అచ్చట నివసించెను. రాజునకు సభాచమత్కారము, సరసోక్తులు ప్రియము. ఆయిలర్ భక్తుడు, మితభాషి, కుటుంబి. రాజు ఆతనిని ఒంటికంటి రాక్షసుడని ఎగతాళి చేయుచుండెను. ఆతడు బదులాడలేదు. ఇంటనుండి తన గ్రంథములను వ్రాసికొనుచుండెను. 1766లో రష్యా రాణి రెండవ కాథరీన్ పిలువగా తిరిగి పీటర్స్‌బర్గు చేరెను.

చేరిన కొలదికాలమునకే ఎడమకంట శుక్లము పొరగట్టి, ఆ చూపును దాదాపుగా మూసుకొనిపోయెను. అట్టి స్థితిలో ఆతడు ఒక బీజగణిత గ్రంథమును చెప్పి వ్రాయించెను. వ్రాసినవాడు ఒక కుట్టుపని కుఱ్ఱవాడు, సేవకుడుగా కుదిరినవాడు, గణితమున ప్రవేశము లేనివాడు. వ్రాయుచు వ్రాయుచు ఆ కుఱ్ఱవాడే విషయమును గ్రహింపగలిగెనని చెప్పుదురు. వ్రాయువానికి బోధపడనిది చదువరికి బోధపడదు గదా! ఆ గ్రంథము 1770లో జర్మను భాషలో వెలువడి, తరతరములకు పాఠ్యపుస్తకమైనది.

1771లో పీటర్స్‌బర్గున ఘోరమైన అగ్నిప్రమాదము సంభవించెను. ఆయిలర్ గృహము దగ్ధమయ్యెను. చూపులేని ఆ వృద్ధుని పీటర్ గ్రిమ్ అను స్వదేశపు పనివాడు భుజముమీద మోసికొని వెలికి తెచ్చెను. వ్రాతప్రతులలో పెక్కుభాగము దక్కెను. ఆ యేడే వైద్యుడు శుక్లమును తొలగింపగా కొన్నినాళ్లు లోకము కనబడెను. ఆ సంతోషము నిలువలేదు. కంటికి చీముపట్టి, చూపు శాశ్వతముగా పోయెను.

ఆ పది అంకెల సంఖ్య

ఇట్టి దశలో 1772వ సంవత్సరమున ఆయిలర్ తన గురువంశీయుడైన ఒక బెర్నూలీకి లేఖ వ్రాయించెను. అది బెర్లిను పరిషత్తువారి సంపుటిలో అచ్చయ్యెను. ముప్పదియొక్క గడుల గింజల మొత్తము, అనగా 2147483647 అను సంఖ్య, ప్రధాన సంఖ్యయేయని అందు తెలిపెను. మన లెక్కలో 214 కోట్ల 74 లక్షల 83 వేల 647.

దీనిని నిరూపించుటెట్లు? ఒక సంఖ్య ప్రధానము కానిచో, దాని వర్గమూలమునకు మించని ప్రధాన సంఖ్య యొకటియైనను దానిని భాగించి తీరవలెను. దీని వర్గమూలము 46340 చిల్లర. అంతలోపల ప్రధాన సంఖ్యలు 4792 కలవు. ఒక్కొక్కదానితో పది అంకెల సంఖ్యను భాగించి శేషము చూచుట చూపున్నవానికే నెలల పని.

ఆయిలర్ పనిని బుద్ధితో తగ్గించెను. 2047కు భాజకములైన 23, 89లను చూడుడు. గడులు పదునొకండు, దాని రెట్టింపు 22. 22కు ఒకటి కలుప 23. నాలుగు ఇరువదిరెండులకు ఒకటి కలుప 89. ఇది కాకతాళీయము కాదు. ముప్పదియొక్క గడుల మొత్తమునకు ఏ ప్రధాన భాజకమున్నను, దానిని 62చే భాగింపగా ఒకటే శేషింపవలెను. అంతేకాక, ఎనిమిదిచే భాగింపగా ఒకటి గాని ఏడు గాని శేషింపవలెను. ఈ రెండు నియమములను కలిపినచో, భాజకమును 248చే భాగింపగా 1 గాని 63 గాని మాత్రమే శేషింపవలెనని తేలును. తక్కినవానిని తాకనక్కరలేదు.

ఇట్టి సంఖ్యలు 46340 లోపల సుమారు 372 మాత్రమే. వానిలోను 249, 497, 559 వంటివి తాము ప్రధానములు కావు గనుక తొలగిపోవును. మిగులునవి వందకు లోపే. వానిలో మొదటిది 311. దానిచే భాగింపగా 6905092 వచ్చి 35 శేషించును. రెండవది 1303. దానిచే భాగింపగా 1648107 వచ్చి 226 శేషించును. చివరివరకు ఇట్లే. ఎచ్చటను శేషము సున్న కాలేదు. కావున ఆ సంఖ్య ప్రధానమని సిద్ధించెను. వేలకొలది భాగహారములు పదులలోనికి దిగెను; ఒక్కటియు విడువబడలేదు. శ్రమను తగ్గించుట వేరు, పని ఎగగొట్టుట వేరు. ఈ తారతమ్యమును లెక్కలు వ్రాయువారందరు హృదయమున నిలుపుకొనదగును.

ఆ లేఖ వెలువడినది మొదలు సుమారు ఎనుబదేండ్లపాటు లోకమున తెలిసిన ప్రధాన సంఖ్యలలో అదియే పెద్దది.

జ్ఞాపకశక్తి, నిర్యాణము

చూపులేనివాడు ఇంతపని ఎట్లు నిర్వహించెనని సందేహము కలుగవచ్చును. కుమారులును, ఫుస్, లెక్సెల్ మొదలగు శిష్యసహచరులును ఆతనికి కన్నులుగా నిలిచిరి. దానికి తోడు అద్భుతమైన ధారణ. లాటిను మహాకవి వర్జిల్ కావ్యమును ఆద్యంతము అప్పగింపగలిగెడివాడు. తన ప్రతిలో ఏ పుట ఏ పాదముతో మొదలై ఏ పాదముతో ముగియునో చెప్పగలిగెడివాడు. మన అవధానులను ఎరిగినవారికి ఇది నమ్మశక్యమే. శిష్యులిరువురు ఒక పెద్ద లెక్కచేసి ఏబదియవ స్థానమున భేదింపగా, ఆయిలర్ మొత్తమును మనస్సులోనే మరల గుణించి ఎవరిది సరియో తేల్చెనని కూడ ప్రతీతి.

ఆతని రచనలలో దాదాపు సగము 1766 తరువాత, చూపు పోయిన దినములలో వెలువడినవే. 1773లో భార్య గతించెను. అయినను పని ఆగలేదు. 1783వ సంవత్సరము సెప్టెంబరు 18వ తేదీన, అప్పటికి రెండేండ్లకు ముందు కనుగొనబడిన యురేనస్ గ్రహపు మార్గమును గూర్చి లెక్సెల్‌తో ముచ్చటించి, మనుమనితో ఆడుకొనుచుండగా మెదడులో రక్తస్రావమై కూలెను. ఆ రాత్రియే దీపము ఆరెను. వయస్సు 76. విడిచిన రచనలు ఎనిమిది వందలకు పైబడినవి. మరణించిన పిమ్మటను పీటర్స్‌బర్గు పరిషత్తువారు ఆతని వ్యాసములను దశాబ్దముల తరబడి అచ్చువేయుచునే యుండిరి.

ప్రయోజనమేమి?

ఇంత శ్రమకు ఫలమేమని అడుగువారు ఆనాడును ఉండిరి. 1811లో బార్లో అను ఇంగ్లీషు గణితవేత్త, ఇట్టి సంఖ్యలు వేడుకకే గాని వాడుకకు రావు గనుక ఆయిలర్ సంఖ్యను మించినదానిని వెదకువారు ఇక పుట్టరని అభిప్రాయపడెను. కాలము ఆ మాటను నిలువనీయలేదు. 1876లో ఫ్రాన్సు దేశపు లూకా 127 గడుల మొత్తము, 39 అంకెలది, ప్రధానమని నిరూపించెను. మెర్సెన్ పట్టికలో చేరక విడువబడిన 61వ గడిని 1883లో రష్యా పల్లెటూరి మతాచార్యుడు పెర్వూషిన్ పట్టెను. 2024లో యంత్రసహాయమున కనుగొనబడిన ప్రధాన సంఖ్యకు అంకెలు నాలుగుకోట్ల పదిలక్షలకు పైన. అదియు గడుల మొత్తమే.

ఆయిలర్ సంఖ్య నేడు కంప్యూటరులలో కాపురమున్నది. అవి సంఖ్యలను దాచు పద్ధతులలో నొకటి ముప్పదిరెండు గడులది. ఒక గడి జమయో ఖర్చో తెలుపుటకు పోగా, మిగిలిన ముప్పదియొక్క గడులలో పట్టు అత్యధిక సంఖ్య ఇదే. 1970 జనవరి 1వ తేదీ మొదలు క్షణములను ఆ పద్ధతిని లెక్కించు పాత యంత్రములకు 2038 జనవరి 19వ తేదీతో గడులు నిండిపోవును. వానిని ముందుగా సవరింపవలసి యున్నది.

మరియొక విశేషము. ఫెర్మా సిద్ధాంత మొకదానిని ఆయిలర్ విస్తరించి ఒక సూత్రమును స్థాపించెను. రెండువందల యేండ్లకు పిమ్మట, 1977లో రివెస్ట్, షమీర్, ఆడల్‌మన్ అను మువ్వురు ఆ సూత్రముమీదనే రహస్యలిపి పద్ధతిని నిర్మించిరి. రెండు పెద్ద ప్రధాన సంఖ్యలను హెచ్చవేయుట సులభము. లబ్ధమును చూచి ఆ రెండింటిని విడదీయుట దుర్ఘటము. ఈ దుర్ఘటత్వమే ఆ తాళమునకు బలము. బ్యాంకు వ్యవహారముల రహస్యము కాపాడుటలో అట్టి పద్ధతులు వాడుకకు వచ్చినవి. వేడుకకేయనుకొనినది పేదవాని దాచుకొన్న సొమ్మునకు కావలి యయ్యెను.

అయినను, ఈ ప్రయోజనములు లేకున్నను ఆతని పని వ్యర్థమయ్యెడిది కాదని నా మనవి. ప్రయోజనము చూచి ఆతడు పూనుకొనలేదు. ఒక మాట నిజమా కాదా యని తేల్చవలసి యుండెను. పెద్దలు చెప్పియుండిరి, కాని ఎవరును సరిచూడలేదు. కన్నులు లేకున్నను ఆతడు సరిచూచెను. ఆతడు చెప్పెనని మనమును నమ్మనక్కరలేదు. మన పాఠశాల బాలురు మొదటి భాగహారములు రెండింటిని పైన చూచితిరి. తక్కినవి చేసి చూచుకొనుటకు కాగితము, పెన్సిలు, ఓర్పు చాలును. రెండువందల యేబదియేండ్లనాటి ఆ శేషములే వారికిని వచ్చును. ఇట్టి విద్యకు కులము లేదు, కలిమి లేదు, దేశము లేదు. తలుపు తెరచియున్న గ్రంథాలయమును, వారమంతయు పుస్తకముతో పోరాడు ఓపికయు ఉన్నచోట అట్టివాడు మరల పుట్టవచ్చును. మన యూర పుట్టకూడదని నియమమేమియు లేదు.